కడపటి చోటు, తెరచిన తలుపు

బైబిలు పాఠము

పాఠ్య భాగము: లూకా 14:1–14
కలిపి చదువవలసినవి: ఆదికాండము 18:1–8, యాకోబు 2:1–5, 3 యోహాను 5–10
కంఠత వాక్యము: రోమా 12:13
పాఠ ఉద్దేశము: దీనమనస్సు లేనిచోట ఆతిథ్యము నిలువదని గ్రహించుట, ఒకప్పుడు పరదేశులుగా వచ్చిన మనము ఇప్పుడు వచ్చుచున్నవారిని ఎట్లు చేర్చుకొనవలెనో నేర్చుకొనుట.



సొంత ఊరు విడిచి పరాయి నేలకు వచ్చినవానికి మొదట ఏమి కావలెనో మన పెద్దలకు బాగా తెలుసు. మిల్లులలో పని కొరకు షోలాపూరు, ముంబయి వెళ్లినవారు, కోలారు బంగారు గనులకు వెళ్లినవారు, తుంగభద్ర కాలువల క్రింద భూములు కొని క్యాంపులలో స్థిరపడినవారు, రైల్వే పనికి, మునిసిపాలిటీ పనికి, రోజు కూలికి వెళ్లినవారు – వీరిలో అనేకులు మొదటి రాత్రి ఎవరో ఒకరి అరుగు మీద పడుకొన్నవారే. "తెలుగువారా? లోపలికి రండి" అని ఎవరో ఒక తల్లి పిలిచి, ఉన్న గంజిలో పాలు ఇచ్చిన సంగతి మన ఇండ్లలో తాతలు, నాయనమ్మలు చెప్పగా విన్నాము. ఆ అరుగు మీదనే ప్రార్థన మొదలయినది. ఆ ప్రార్థనలో నుండే సంఘము పుట్టినది.

నేడు మనకు సొంత ఇండ్లు ఉన్నవి, మందిరములు ఉన్నవి, వాటి చుట్టు ప్రహరీ గోడ, గేటు ఉన్నవి. అతిథుల స్థానములో నుండి ఆతిథ్యమిచ్చువారి స్థానములోనికి మనము వచ్చాము. ఇది దేవుని కృప. అయితే ఈ మార్పులోనే ఒక శోధన కూడ దాగియున్నది. తాను అతిథిగా వచ్చిన సంగతి మరచినవాడు ఆతిథ్యమిచ్చువాడుగా ఎంతో కాలము ఉండలేడు. అతడు యజమాని అయిపోతాడు. ఈ సంగతిని వాక్యపు వెలుగులో పరిశీలన చేసికొందము.

1. ప్రభువు కూర్చున్న బల్ల

లూకా 14వ అధ్యాయములో ప్రభువు ఒక పరిసయ్యుల అధికారి ఇంట విశ్రాంతి దినమున భోజనమునకు వెళ్లాడు. అక్కడ ఆయన అతిథి. కాని ఆ ఇంటివారు ఆయనను చేర్చుకొనుటకంటె ఆయనలో తప్పు వెదకుటకే కనిపెట్టుచున్నారని మొదటి వచనము చెప్పుచున్నది. పిలిచి, బల్ల వేసి, వడ్డించి కూడ మనిషిని చేర్చుకొనకుండ ఉండవచ్చును. ఇది మనము మొదట గమనించవలసిన విషయము.

అక్కడ ప్రభువు రెండు మాటలు చెప్పాడు. మొదటిది పిలువబడినవారికి (7–11): పెండ్లి విందుకు పోయినప్పుడు అగ్రపీఠము వెదకవద్దు, కడపటి చోట కూర్చుండుము. రెండవది పిలిచినవానికి (12–14): తిరిగి పిలువగల స్నేహితులను, బంధువులను, ధనవంతులైన పొరుగువారిని కాదు, బదులు చేయలేని బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుము.

మనము సాధారణముగా ఈ రెండు మాటలను రెండు ప్రసంగములుగా వింటాము. ఒక ఆదివారము తగ్గింపును గూర్చి, మరియొక ఆదివారము దానధర్మమును గూర్చి. కాని ప్రభువు వాటిని ఒకే బల్ల యొద్ద, ఒకదాని వెంట ఒకటిగా చెప్పాడు. కారణమేమనగా, ఒకటి లేక రెండవది చెడిపోవును. కడపటి చోట కూర్చుండుట మాత్రమే నేర్చుకొన్నవాడు, "నన్ను ముందుకు పిలుస్తారులే" అని లోలోపల ఆశించి కూర్చుండవచ్చును. అది తగ్గింపు కాదు, ఉపాయము. బీదలను పిలుచుట మాత్రమే నేర్చుకొన్నవాడు వారి ఎదుట ధర్మదాతగా నిలిచి, తన గొప్పతనమునే వడ్డించవచ్చును. అది ఆతిథ్యము కాదు, ప్రదర్శన. కడపటి చోట కూర్చున్నవాడే తన ప్రక్కన ఎవరు కూర్చున్నను అభ్యంతరము లేనివాడు.

మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాయు పుస్తకము ఒకటి ఉండును. ఎవరు ఎంత చదివించారో వ్రాసికొని, వారి ఇంట పెండ్లి అయినప్పుడు అంతకు తగ్గకుండ చదివిస్తాము. లోకమర్యాదకు అది తప్పు కాదు. కాని మన ఆతిథ్యమునకు కూడ అటువంటి పుస్తకము ఒకటి హృదయములో ఉన్నదేమో అని ప్రభువు అడుగుచున్నాడు. ఆ పుస్తకమును మూసివేయుమనుటయే 14వ వచనపు భావము. బదులు నీతిమంతుల పునరుత్థానమందు దేవుడే ఇచ్చును.

2. పరదేశి అను మాట

రోమా 12:13లోను, హెబ్రీ 13:2లోను ఆతిథ్యమునకు వాడబడిన గ్రీకు మాట 'ఫిలోక్సెనియా'. దీనికి పరదేశిని ప్రేమించుట అని అర్థము. మనవారిని, మనకు తెలిసినవారిని ప్రేమించుట అని కాదు. ఎరుగనివానిని ప్రేమించుటయే ఆ మాటలోని సంగతి.

ఇంకొక విశేషము ఉన్నది. 'క్సెనోస్' అను మాటకు పరదేశి అనియు అతిథి అనియు అర్థము. అదే మాట రోమా 16:23లో పౌలుకు ఆతిథ్యమిచ్చిన గాయును గూర్చి వాడబడినది. వచ్చినవానికి, చేర్చుకొన్నవానికి ఒకటే మాట! ఈ రెండు స్థానములు ఎంత దగ్గరివో ఈ మాటే మనకు జ్ఞాపకము చేయుచున్నది. ఎమ్మాయు గ్రామములో ఇద్దరు శిష్యులు దారిలో కలిసిన ఒక పరదేశిని బలవంతము చేసి లోపలికి పిలిచారు. బల్ల యొద్ద రొట్టె పట్టుకొని విరిచినది ఆ వచ్చినవాడే (లూకా 24:28–31). వారు ఆతిథ్యమిచ్చుచున్నామనుకొన్నారు, కాని పొందినవారయ్యారు.

3. గుడారములోని ముసలివాడు

అబ్రాహాము మమ్రేలో ఎండవేళ గుడారపు ద్వారమందు కూర్చుండియున్నాడు. వయస్సు తొంబది తొమ్మిది సంవత్సరములు. ముగ్గురు మనుష్యులు కనబడగానే పరుగెత్తి వెళ్లి నేలమట్టుకు వంగాడు. కొంచెము నీళ్లు, కొంచెము ఆహారము తెస్తానన్నాడు. తెచ్చినది మాత్రము మెత్తని పిండి రొట్టెలు, లేతదూడ మాంసము, వెన్న, పాలు! మాటలో కొంచెము, చేతిలో సమృద్ధి. వారు భుజించుచుండగా ఆయన కూర్చుండలేదు, చెట్టు క్రింద వారి యొద్ద నిలిచియున్నాడు.

మీరెవరు, ఎక్కడనుండి వచ్చారు, ఎవరి కుమారులు అని ఆయన అడిగినట్లు వ్రాయబడలేదు. ముందుగా కాళ్లకు నీళ్లు, నీడ, ఆహారము. వచ్చినవారు ఎవరో తరువాత తెలిసినది.

ఇంత ధనవంతునికి ఇంత వినయము ఎట్లు వచ్చినది? శారా మరణించినప్పుడు హేతు కుమారుల యెదుట ఆయన పలికిన మాటలో జవాబు ఉన్నది. వారి మధ్య తాను పరదేశిని, పరవాసిని అని చెప్పుకొని, సమాధి కొరకు భూమి వెలకు అడిగాడు (ఆది. 23:4). వాగ్దాన దేశములో కూడ తాను పరదేశినని ఆయన మరువలేదు. ఇశ్రాయేలీయులకు కూడ దేవుడు ఇచ్చిన కారణము ఇదే: మీరు ఐగుప్తులో పరదేశులై యుంటిరి గనుక పరదేశిని ప్రేమింపుడి (ద్వితీ. 10:19 చూడుడు). జ్ఞాపకమే దీనమనస్సునకు వేరు. ఆ వేరు ఎండిపోతే ఆతిథ్యపు చెట్టు కూడ ఎండిపోవును.

4. ఒకే సంఘకాలములో ఇద్దరు మనుష్యులు

యోహాను మూడవ పత్రికలో ఇద్దరి పేర్లు ప్రక్కప్రక్కన ఉన్నవి. గాయు తనకు పరదేశులైన సహోదరులను చేర్చుకొని, వారిని సాగనంపినవాడు. దియొత్రెఫే ప్రధానత్వము కోరినవాడు. అతడు వచ్చిన సహోదరులను చేర్చుకొనలేదు. అంతేకాదు, చేర్చుకొన గోరిన వారిని ఆటంకపరచి సంఘములో నుండి వెలివేశాడు (9–10).

దియొత్రెఫే తప్పు ఎక్కడ మొదలయినదో చూడుడి. తలుపు మూయుటలో మొదలు కాలేదు. ముందు బెంచీ మీది ఆశలో మొదలయినది. మొదటి స్థానము కోరువానికి ప్రతి క్రొత్త మనిషి ఒక పోటీదారుగానే కనబడును. యాకోబు కూడ ఇదే రోగమును మన యెదుట పెట్టాడు. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటు, మాసిన బట్టలవానికి నిలువబడు చోటు (2:2–4). ఇది బజారులో జరిగిన సంగతి కాదు, సమాజమందిరములో జరిగినది.

5. మన పితరులు నేర్పిన పాఠము

తెలుగు బాప్టిస్టులమైన మనకు ఈ విషయములో స్వంత చరిత్ర ఉన్నది. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరారు. మొదట అగ్రకులములవారిలో కొందరు ఆసక్తి చూపారు. తోళ్ల వ్యాపారియైన యెర్రగుంట్ల పేరయ్యగారు, వారి వెనుక మాదిగలైన మన పెద్దలు ప్రభువును నమ్ముకొని వచ్చినప్పుడు, వీరిని చేర్చుకొంటే మేము రామని ఆ అగ్రకులములవారు చెప్పారు. దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో వేరువేరుగా ప్రార్థించి బైబిలు తెరచినప్పుడు ఇద్దరికిని ఒకే భాగము కనబడినది. అది 1 కొరింథీ 1:26–29. లోకము ఎన్నిక చేయనివారిని దేవుడు ఏర్పరచుకొన్నాడను మాట. తలుపు తెరచియే ఉంచారు. ఆ తలుపు ఆనాడు మూయబడియుంటే నేడు మనలో ఎందరము ఈ పత్రిక చదువుచుండెడివారమో ఆలోచించుడి.

1876–78 సంవత్సరములలో ఘోరమైన కరువు వచ్చినది. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమునకు కాంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చినవారికి వేలాదిగా పని, కూలి దొరుకునట్లు చేశారు. నీవు క్రైస్తవుడవా అని అడిగి పని ఇవ్వలేదు. మరియొక సంగతి మనము తరచుగా మరచిపోతాము. ఆ కరువు పని జరుగుచున్నంత కాలము, అడిగినవారికి కూడ ఆయన బాప్తిస్మము ఇవ్వలేదు. రొట్టె కొరకు ఎవరును విశ్వాసమును అమ్ముకొనకూడదని ఆయన ఉద్దేశము. కరువు సహాయము ముగిసిన తరువాతనే బాప్తిస్మములు మరల ప్రారంభించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి యొద్ద, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నిలిచి 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

కొందరు సహోదరులు అడుగుచున్నారు: "షరతు లేకుండ అందరిని చేర్చుకొంటే సంఘ క్రమము ఏమవును? సాక్ష్యము చూడవద్దా? బదిలీ ఉత్తరము అడుగవద్దా?" దీనికి జవాబు ఆ కాలువ గట్టు మీదనే ఉన్నది. అన్నమునకు షరతు పెట్టలేదు. బాప్తిస్మమును అన్నమునకు వెలగా చేయలేదు. సభ్యుల పట్టికకు క్రమము ఉన్నది, బాప్తిస్మమునకు విశ్వాసపు ఒప్పుకోలు కావలెను. వీటిని విడువనక్కరలేదు. కాని నీళ్లకు, కూర్చుండు చోటుకు, పలకరింపుకు, భోజనమునకు బదిలీ ఉత్తరము అక్కరలేదు. అబద్ధ బోధకుని గూర్చి యోహాను రెండవ పత్రిక చేయు హెచ్చరికను (10వ వచనము) తెచ్చి, అలసి వచ్చిన కూలివాని ముఖము మీద తలుపు వేయుట వాక్యమును వంకరగా వాడుటయే.

6. మా ఒప్పుకోలు

ఇతరులకు చెప్పుటకు ముందు మా సంఘములో జరిగిన ఒక సంగతిని ఒప్పుకొనవలెను. ఒక కోతపండుగ ఆదివారమున పాలమూరు వైపునుండి కట్టడపు పనికి వచ్చిన భార్యాభర్తలు, చంటిబిడ్డతో మా మందిరమునకు వచ్చారు. చెప్పులు విడిచే చోటనే నిలిచియున్నారు. మాలో ఒకరము ఎదురు వెళ్లాము. "మీది ఏ ఊరు? ఎవరి తాలూకు? ఏ సంఘము? ఉత్తరము ఏమైనా తెచ్చారా?" అని అడిగాము. మర్యాదగానే అడిగాము. వెనుక చాప మీద చోటు చూపించాము. ఆరాధన తరువాత ప్రేమవిందు. చందా ఇచ్చిన కుటుంబములకు ముందుగానే చీట్లు పంచియున్నాము. చీటీ లేనివారు ఆగవలెనని ఎవరును చెప్పలేదు. కాని చీట్లు తీసికొనుట వారు చూచారు. పంక్తి కూర్చుండకముందే వారు వెళ్లిపోయారు. ఆ సాయంకాలము గిన్నెలలో అన్నము మిగిలినది.

తరువాతి వారము వెదకుకొనుచు పనిస్థలమునకు వెళ్లాము. ఆ ముఠా మరొక చోటికి వెళ్లిపోయినదని చెప్పారు. మరల వారిని చూడలేదు.

ఎవరును ఒక్క కఠినమైన మాట అనలేదు. నాలుగు ప్రశ్నలు అడిగాము, ఒక గ్లాసు నీళ్లు ఇవ్వలేదు, అంతే. "ఏ ఊరు?" అను ప్రశ్న ప్రేమతో అడుగవచ్చును. కాని "ఎవరి తాలూకు?" అని అడిగినప్పుడు మనము నిజముగా తెలిసికొనగోరినది ఏమిటో మనకును తెలుసు, విన్నవారికిని తెలుసు. ఆ ప్రశ్న చేత మన పితరులు ఎన్నో గుమ్మముల బయట నిలువబడ్డారు. అదే ప్రశ్నను మనము మందిరపు గుమ్మములో అడిగాము. ప్రభువు మమ్మును క్షమించును గాక.

7. మనము చేయదగినవి

మొదటిది: ముందు నీళ్లు, తరువాత ప్రశ్నలు. పరిసయ్యుడైన సీమోను ప్రభువును భోజనమునకు పిలిచి కాళ్లకు నీళ్లివ్వలేదు. ఆ లోపమును ప్రభువు పేరు పెట్టి చెప్పాడు (లూకా 7:44). మందిరపు ద్వారమందు నిలువబడు పని యౌవనస్థులకే వదలక, పరిచారకులు, సంఘపెద్దలు వంతుల చొప్పున చేయవలెను. శిష్యుల పాదములు కడిగిన బోధకుని యొద్ద నేర్చుకొన్నవారికి ఇది చిన్నతనము కాదు (యోహాను 13:12–15).

రెండవది: ముందు బెంచీలు ఎవరి పేరనను ఉండకూడదు. స్థాపక కుటుంబములను గౌరవింపవలెను. కాని వారికి నిజమైన గౌరవము, వారు అరుగు మీద చేసినదానిని మనము మందిరములో చేయుటయే.

మూడవది: ప్రేమవిందుకు చీట్లు వద్దు. లెక్కకు మించి ఒక గంగాళము అన్నము ఎక్కువ వండుడి. మిగిలిన అన్నముకంటె వెళ్లిపోయిన మనిషి పెద్ద నష్టము.

నాలుగవది: వారు వచ్చువరకు ఆగక మనమే వెళ్లుదము. 1903లో తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీవారు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పంపారు. అక్కడి తోటలలో కూలికి వెళ్లిన తెలుగువారి వెంట సముద్రము దాటి కాపరి వెళ్లాడు. మన పట్టణపు చివర రేకుల షెడ్లలో ఉన్నవారి యొద్దకు వెళ్లుటకు సముద్రము దాటనక్కరలేదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలయిన తరువాత ఆ షెడ్లవారు పిల్లలను ఎత్తుకొని స్వగ్రామములకు నడిచిపోవుట చూచినప్పుడు, వారు ఎంత దగ్గరగా బ్రదికారో, వారిని ఎంత తక్కువగా ఎరుగుదుమో మనకు తెలిసినది.

ఐదవది: వారి యొద్ద తినుడి. ఇది అన్నిటికంటె కష్టమైనది. పెట్టుటలో ఒక గొప్పతనము ఉన్నది. పుచ్చుకొనుటకు తగ్గింపు కావలెను. ప్రభువు తన శిష్యులను పంపినప్పుడు, పెట్టినది తినుమని చెప్పాడు (లూకా 10:7–8). షెడ్డులో సత్తుగిన్నెలో ఇచ్చిన టీని, "ఇప్పుడే త్రాగి వచ్చాము" అని తప్పించుకొనవద్దు. మనము వారి అతిథులమైన రోజున వారు మన మందిరములో నిజమైన అతిథులగుదురు.

వివేకము అక్కరలేదని కాదు. డబ్బు సహాయము ఒక్కరు చేయక సంఘ కోశాధికారి ద్వారా చేయుడి. ఇంట పిల్లలు ఉన్నచోట జాగ్రత్త అవసరమే. అయితే వివేకము తలుపుకు గడియవలె ఉండవలెను గాని తలుపు స్థానములో గోడ కట్టకూడదు.

మరియొక మాట. మనము కూడ ఇంకను అతిథులమే. కన్నడిగులు, తమిళులు, ఒడియావారు, మరాఠీవారు, యానాములోని పొరుగువారు మనకు చోటిచ్చారు. వారి నీళ్లు త్రాగాము, వారి భాష మన పిల్లల నోట ఆడుచున్నది. చెరలో ఉన్న యూదులకు వారున్న పట్టణపు క్షేమము కొరకు ప్రార్థన చేయుమని యిర్మీయా వ్రాశాడు (29:7). మన ఆతిథ్యము తెలుగువారితో ఆగిపోతే అది సగము ఆతిథ్యమే.

ముగింపు

లవొదికయ సంఘము తాను ధనవంతురాలినని, కొదువ లేదని చెప్పుకొనుచుండగా, ప్రభువు ఆ తలుపు వెలుపల నిలిచి తట్టుచున్నాడు (ప్రకటన 3:17–20). సంఘము లోపల ఉన్నది, ప్రభువు బయట ఉన్నాడు! ఆయన నేను పరదేశినై యుంటినని చెప్పువాడు (మత్తయి 25:35). కాబట్టి వచ్చే ఆదివారము చెప్పులు విడిచే చోట ఎవరైనా నిలిచియుంటే, ఎవరి తాలూకు అని అడుగవద్దు. వారు ఎవరి తాలూకో ప్రభువు ముందే చెప్పియున్నాడు.

చర్చకు ప్రశ్నలు

1. మీ కుటుంబము ఈ ప్రాంతమునకు వచ్చినప్పుడు మొదట చేర్చుకొన్నవారు ఎవరు? ఆ సంగతి మీ పిల్లలకు చెప్పారా?
2. లూకా 14:7–11, 12–14 భాగములలో ప్రభువు ఎవరెవరితో మాటలాడాడు? ఆ రెండు మాటలకు సంబంధము ఏమిటి?
3. దియొత్రెఫే పాపము ఎక్కడ ఆరంభమయినది? అటువంటి ఆశ మన కమిటీలలో ఏ రూపమున కనబడును?
4. భోజనపు బల్లకు, సభ్యత్వపు పట్టికకు మధ్య భేదము ఏమిటి? ఒకదానిని మరియొకదానికి వెలగా చేస్తే కలుగు నష్టమేమి?
5. ఈ నెలలో మీ సంఘము ఏ షెడ్డుకు, ఏ పనిస్థలమునకు వెళ్లగలదు? ఎవరు వెళ్లుదురు? ఈ కూడికలోనే నిర్ణయించుకొనుడి.

ప్రార్థన

తండ్రీ, దూరముగా ఉన్న మమ్మును నీ ఇంటివారినిగా చేసికొన్నావు. మేము వచ్చిన దారిని మరువనియ్యకుము. ముందు చోటు మీద మాకున్న ఆశ తీసివేయుము. మా గుమ్మములో నిలిచినవారిలో నిన్ను చూచు కన్నులు, వారికి నీళ్లిచ్చు చేతులు దయచేయుము. మేము పంపివేసినవారిని నీవు విడువకుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.